నాన్న కోటుకున్న చిల్లు

సెప్టెంబరు 12

అక్కా,

ఎలా ఉన్నావు? బావగారి నడుంనొప్పి తగ్గిందా? కొట్టు కప్పు కారుతోందన్నావు, బాగు చేయించావా? ఇన్ని కుశలప్రశ్నలు వేశానంటే వెనకేదో ఉందని నువ్వు పసిగట్టేస్తావు. ఉంది.

నాన్న మీద ఒక కవిత రాశాను.

నవ్వకు. లెక్కల టీచరుకి కవిత్వమేమిటని మీ ఇద్దరూ అనుకుంటారని తెలుసు. ఇక్కడి గ్రంథాలయంలో నెలకో ఆదివారం పదిమంది కూర్చుని, ఎవరు రాసింది వాళ్ళు చదువుతారు. రెండేళ్లుగా వెనక కుర్చీలో కూర్చుని వినడమే నా పని. మొన్న ఏమైందో, లేచి చదివాను. సగంలో ఆగిపోయాను. ఏడుపొచ్చి కాదు, రాసింది అంతవరకే. వాళ్ళు నడిపే చిన్న పత్రికలో వేస్తామన్నారు, పూర్తిచేసి ఇవ్వమన్నారు. ఇదిగో:

నాన్నా,
ఊరందరి చిరుగులూ నీ ఒళ్ళో పడుకునేవి.
మేకు లాగిన భుజాలు, నిప్పు కొరికిన మోకాళ్ళు,
పురుగు తిన్న పెళ్ళికోట్లు.
ఒక్కొక్క పోగునూ బుజ్జగించి
ఏమీ జరగనట్టు ఇంటికి పంపేవాడివి.
నీ చెయ్యి ఏనాడూ వణకలేదు.
కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని
అందరి తప్పులూ మాపినవాడివి,
నా తప్పు ఒక్కదాన్ని మాత్రం
చేతి మీద మోస్తూ తిరిగావు.
ఎందుకు నాన్నా?

ఆ తర్వాత ఏం రాయాలో తెలియలేదు.

నీకు గుర్తుండే ఉంటుంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కొట్టులో కూర్చోనని, చదువుకోవడానికి ఊరు వదిలి వెళతానని నాన్నకి చెప్పిన రోజు. ఆయన కళ్ళలోకి చూడక్కర్లేకుండా, ఆయన కొత్త ఉన్నికోటు ఇస్త్రీ చేస్తూ చెప్పాను. ఆయన ఒక మాటన్నాడు, నేను రెండన్నాను. తిరిగి చూసేసరికి ఇస్త్రీపెట్టె ముక్కు కోటు ఎడమ చేతి మీద ఆని పొగ లేస్తోంది. బొటనవేలి గోరంత మేర కాలి, రెండు రోజుల్లో పొడిపొడిగా రాలిపోయింది. వారం తిరక్కుండా నేనూ వెళ్ళిపోయాను.

రఫ్ఫులో ఆయన్ని మించిన పనివాడు లేడని ఊరంతా చెప్పుకునేవారు. చిరిగిన బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, వాటితోనే చిల్లు పూడ్చి, అది ఎక్కడుండేదో సొంతదారుకే తెలియకుండా చేసేవాడు. అలాంటి మనిషి తన కోటుకి తాను కుట్టుకోలేదు. ఇరవై రెండేళ్లు ఆ చిల్లుతోనే తిరిగాడు. నేను వచ్చిన ప్రతిసారీ ఆ కోటు వేసుకునే తలుపు తీసేవాడు. టీ కప్పు అందుకోవడానికి ఆ చెయ్యే ముందుకొచ్చేది. నోటితో ఒక్కనాడూ ఏమీ అనలేదు. అదే బాధ.

ఆ కోటు నాకు పంపుతావా? ఒళ్ళో పెట్టుకుని ఒక్కసారి చూసుకోవాలి. కవిత పూర్తికాకపోయినా ఫరవాలేదు. ఆయన నా మీద కోపంతోనే పోయాడా అన్నది నాకు తేలాలి. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆ ప్రశ్న లేకుండా ఒక్క రోజూ తెల్లవారలేదు.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. ఫోన్లో మనిద్దరికీ ఏడుపు తప్ప మాట రాదు కదా.

నీ చెల్లి

* * *

సెప్టెంబరు 20

బుల్లీ,

ఉత్తరం అందింది. నవ్వొద్దన్నావు కనుక నేను నవ్వలేదు. మీ బావగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివి, "బాగుంది. కాకపోతే మీ చెల్లెలు మీ నాన్నని పటం కట్టి గోడకి ఎక్కించేసింది. మామూలు మనిషిగా ఆయన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి మరి?" అన్నారు. ఆ పని నాకే పడేలా ఉంది.

మీ బావగారి నడుంనొప్పి తగ్గలేదు, నొప్పి గురించి చెప్పడం మాత్రం కాస్త తగ్గింది. కప్పు బాగు చేయించాను. రేకు మార్చినవాడు తన చొక్కా మేకుకి చింపుకుని, "ఎలాగూ ఇక్కడికే వచ్చానుగా" అని అక్కడే విప్పి ఇచ్చాడు. వాడు బనీనుతో కూర్చున్నంతసేపూ బేరం కోసం వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

నీ కవితలో రెండు తప్పులున్నాయి. నువ్వు పిల్లల లెక్కలు దిద్దుతావు, నీవి నేను దిద్దితే తప్పేముంది?

చెయ్యి ఏనాడూ వణకలేదన్నావు. ఎవరు చెప్పారమ్మా నీకు? చివరి ఆరేళ్లూ ఆయన సూది పట్టలేదు. మొదట చెయ్యి వణికింది, తర్వాత చూపు పోయింది. ఎవరైనా బట్ట తెస్తే పెద్దమనిషిలా అందుకుని, వేళ్ళతో తడిమి, "ఎల్లుండి రండి" అనేవాడు. వాళ్ళు మెట్లు దిగగానే నా వైపు నెట్టేవాడు. ఊరు అదంతా ఆయన పనే అనుకుంది. అనుకోనీ అని నేనూ ఊరుకున్నాను. నువ్వూ అలాగే అనుకున్నావన్నమాట.

ఒంటరిగా కూర్చున్నాడన్నావు. కిటికీ దగ్గర రెండు కుర్చీలున్నాయి బుల్లీ.

ఇక నీ పెద్ద ప్రశ్న. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టుంటుంది నా జవాబు. ఎందుకు కుట్టుకోలేదంటే, తీరిక లేక. అంతే. బయటివాళ్ళ బట్టలు నిలువెత్తు పేరుకుపోయి ఉంటే తన కోటు ఎవరు చూసుకుంటారు? మన ఇంట్లో దిండుగలీబులు కూడా చినిగినవే కదా, వాటి మీద కవిత రాయలేదేం?

కోటు బీరువాలోనే ఉంది. పంపుతాను, నాలుగైదు రోజులు ఆగు. వేళకి తిను, తర్వాత కవిత్వం రాసుకో.

అక్క

* * *

అక్టోబరు 3

అక్కా,

పార్సిల్ నిన్న సాయంత్రం వచ్చింది. స్కూలు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కట్టు తెంపాను.

చిల్లు లేదు.

మొదట వేరే కోటు పంపావనుకున్నాను. లోపలి జేబు చూశాను, నువ్వు కుట్టిన ఆయన పొడి అక్షరాలు ఉన్నాయి. ఎడమ చెయ్యి తిరగేశాను. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. పొద్దున మళ్ళీ ఎండలో పెట్టి చూశాను. భూతద్దం పెట్టి కూడా చూశాను. ఎక్కడా లేదు. పైగా ఉతికావు. ఆయన వాసన కూడా లేదు. బట్టల కొట్టులో హ్యాంగరుకి వేలాడుతున్న ఎవరి కోటో నా ఒళ్ళో ఉన్నట్టుంది.

నిన్నెవరు కుట్టమన్నారు?

నేను అడిగింది ఆ చిల్లునే. నా వల్ల ఆయన ఒంటి మీద మిగిలింది అదొక్కటే. మంచిదో చెడ్డదో, నాదది. ఇరవై రెండేళ్లు ఆయన ముట్టనిదాన్ని నువ్వెలా ముట్టుకున్నావు?

ఇంతకన్నా రాయలేను.

* * *

అక్టోబరు 10

బుల్లీ,

ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కుట్టు కనపడిపోతోందని గొడవపడ్డవాళ్ళని చూశాను. కనపడటం లేదని గొడవపడ్డదానివి నువ్వే మొదటిదానివి.

ఎవరు కుట్టమన్నారా? చిల్లున్న బట్టని గుమ్మం దాటించడం మన ఇంటా వంటా లేదు. నువ్వు ఆ కోటు అడిగావు, అది చూస్తే బాధన్నావు. చూస్తే బాధపడేదాన్ని ఉన్నదున్నట్టు మూటకట్టి పంపిస్తానా? రెండు పూటలు పట్టింది. కోటు లోపలి మడతలో పోగులు ముసలివైపోయాయి, లాగితే తెగిపోతున్నాయి. ఒక్కొక్కటీ తడిపి, ఊపిరి బిగపట్టి లాగాను. ఆ రెండు పూటలూ బేరాలు తిప్పి పంపాను. ఇదంతా నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పించావు.

ఆయన వాసన కావాలా నీకు? మంచం పట్టిన మనిషి వాసన ఎలా ఉంటుందో నేను రాయగలను. అది కవితలో పట్టదు.

ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు వచ్చావు? లెక్కల టీచరువి, నువ్వే లెక్కేసుకో. వచ్చినప్పుడల్లా రెండు రోజులు. ఆ రెండు రోజులూ నువ్వు ఆ చిల్లుని చూస్తూ కూర్చున్నావు, ఆయన నిన్ను చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరికీ టీ పెట్టింది నేను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు ఆయన్ని ఒక్కసారైనా అడిగావా, కోపమా నాన్నా అని? ఇప్పుడు పోయిన మనిషిని కవితలో అడుగుతున్నావు. ఇక్కడ బతికున్నదాన్ని కిటికీ దగ్గర నుంచి చెరిపేసి మరీ అడుగుతున్నావు.

ఆయన చివరి రోజుల్లో కూడా పరీక్షలున్నాయని శుక్రవారం వస్తానన్నావు. ఆయన బుధవారమే పోయాడు. పరీక్షలు ముఖ్యమే, కాదనను.

నీ చిల్లు నీకు కావాలంటే కోటు తిరిగి పంపు, విప్పేస్తాను. కాకపోతే విప్పితే పాత చిల్లు రాదు. చుట్టుపక్కల పోగులన్నీ సడలి, దానికి నాలుగింతలవుతుంది. తర్వాత నన్ననవద్దు.

అక్క

* * *

అక్టోబరు 18

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కిటికీ దగ్గరి రెండో కుర్చీ నిజంగానే మరిచిపోయాను. సిగ్గుగా ఉంది. 'ఒంటరిగా' అన్న మాట కొట్టేశాను. వణకలేదన్న పంక్తి కూడా తీసేశాను. ఆరేళ్లు ఆ పనంతా నీదేనని నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు? నేను అడగలేదంటావు. నిజమే.

కానీ తీరిక లేక కుట్టుకోలేదన్న మాట నేను నమ్మను. ఇరవై రెండేళ్లలో రెండు పూటల తీరిక దొరకని మనిషి ఉండడు. నువ్వు నాకేదో చెప్పకుండా దాస్తున్నావు. నన్ను ఓదార్చడానికి దాస్తున్నావో, నన్నిలాగే ఉంచడానికి దాస్తున్నావో తెలియడం లేదు. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను: ఆయన దగ్గర అన్నేళ్లూ నువ్వే ఉన్నావు. ఆయన చెయ్యి నీది, కొట్టు నీది, చివరి మాటలు నీవి. నాకు మిగిలింది గోరంత చిల్లు. అది కూడా ఉండకూడదనే పూడ్చేశావా?

పరీక్షలున్నాయనే రాలేకపోయాను. ఆ మాట మళ్ళీ ఎత్తకు, దయచేసి.

ఒక్కటే అడుగుతాను. నేను ఫోన్ చేశాక ఆయనకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజుల్లో నా గురించి ఏమన్నా అన్నాడా? తిట్టినా సరే, చెప్పు.

చెల్లి

* * *

నవంబరు 4

అక్కా,

రెండు వారాలు దాటింది. జవాబు లేదు. కొట్టుకి ఫోన్ చేస్తే బావగారు ఎత్తారు. "బాగానే ఉందమ్మా, బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది, చింపుతోంది, మళ్ళీ రాస్తోంది. నన్ను లోపలికి కూడా రానివ్వడం లేదు" అన్నారు. నిన్ను పిలవమంటే, "వద్దులే, ఉత్తరమే రానీ" అన్నారు.

కావాలనే పూడ్చేశావా అని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోరు జారితే సర్దుకోవచ్చు, చెయ్యి జారితే కాగితం మీద ఉండిపోతుంది. ఆ ఉత్తరం చింపేయి.

తిట్టడానికైనా రాయి.

చెల్లి

* * *

నవంబరు 12

బుల్లీ,

ఒళ్ళు బాగానే ఉంది. ఇది అయిదోసారి రాయడం. మీ బావగారు పొద్దున, "చెప్పేదేదో చెప్పెయ్యి, లేకపోతే ఇంట్లో కాగితం ముక్క మిగలదు" అని గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళారు. కొట్టుకి తాళం వేసి రాస్తున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు నా దగ్గర మొదటి నుంచీ ఉంది. తీరిక లేదన్నది అబద్ధం. నిజం చెబితే దాని వెంట నా సంగతీ చెప్పాల్సి వస్తుందని, మింగలేక కక్కలేక కూర్చున్నాను.

నువ్వు శనివారం ఫోన్ చేశావు. శుక్రవారం వస్తుందట అని వెనకగదిలోకి వెళ్ళి ఆయనకి చెప్పాను. ఆదివారం పొద్దున చెంచాతో పాలు పడుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"పెద్దదానా, ఆ కోటు తీసి కుట్టు. చిన్నది వస్తోందిగా. చూస్తే బాధపడుతుంది" అన్నాడు. "వచ్చినప్పుడల్లా దాని వైపే చూసేది. నాకు తెలుసు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు కుట్టుకోలేదు నాన్నా?" అన్నాను.

"మొదట కోపంగానే ఉండేది. కుట్టబుద్ధి కాలేదు. కోపం పోయేసరికి చూపు పోయింది. నిన్ను అడుగుదామంటే మొహం చెల్లలేదు" అన్నాడు.

ఇదీ ఆయన అన్నది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. కోపం ఉండేదట, పోయిందట. నీ ప్రశ్నకి జవాబు ఇదే. పది నెలల కిందటే నీ చేతిలో పెట్టాల్సింది.

ఇప్పుడు నా సంగతి.

కోటు తెచ్చి కొట్టులో బల్ల మీద పెట్టాను. ఆదివారమంతా అక్కడే ఉంది. సోమవారమంతా ఉంది. దాని ఎదురుగా కూర్చుని ఎవరిదో ప్యాంటు కుట్టాను. కోటు మాత్రం ముట్టలేదు. తీరిక లేక కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది బుల్లీ. ఆరేళ్లు ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టింది నేను, పక్క మార్చింది నేను, రాత్రి దగ్గితే లేచింది నేను. నా నడుము పడిపోయింది, నా కళ్ళు మసకబారాయి. నేను బాధపడతానని ఆయనకి ఒక్కనాడూ తోచలేదు. రెండు రోజులకి వచ్చిపోయే నువ్వు మాత్రం బాధపడకూడదు. పడనీ, అనుకున్నాను. వచ్చి చూసి బాధపడనీ. మనసులో ఈ మాటే, ఇలాగే అనుకున్నాను.

సోమవారం సాయంత్రం, "అయిందా?" అన్నాడు. "చేస్తున్నా" అన్నాను. మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ, "అయిందా?" అన్నాడు. "అయింది నాన్నా" అన్నాను.

"ఏదీ, పట్రా" అన్నాడు.

మా పనికి కన్ను సగం సాక్ష్యమే. కుట్టిన చోట కళ్ళు మూసుకుని వేలితో రాస్తాం. వేలికి తగిలిందంటే పని చెడినట్టే. ఆయన చూపు పోయాక నా పనంతా అలా తడిమే చూసేవాడు. వెంట్రుకవాసి ఎత్తుంటే పట్టేసేవాడు.

కోటు తీసుకెళ్ళి మంచం మీద పరిచాను. దాని కుడి చెయ్యి ఆయన వేళ్ళ కింద పెట్టాను. కాలనిది.

చాలాసేపు తడిమాడు. మోచేతి నుంచి కిందికి, కింది నుంచి పైకి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. "ఎక్కడో దొరకడం లేదే" అన్నాడు. ఇంకోసారి తడిమి, "నాకన్నా బాగా కుట్టావు" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఆయన పక్కన కూర్చున్నాను. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదు. మర్నాడు పొద్దున పోయాడు.

కుడి చేతికీ ఎడమ చేతికీ తేడా ఆయన వేళ్ళకి తెలియదా? బొత్తాములు ఏ వైపున్నాయో తగిలితే చాలు. తెలిసే ఆ మాట అన్నాడా, తెలియక అన్నాడా? తెలియక అన్నాడంటే, చచ్చిపోతున్న గుడ్డి మనిషిని మోసం చేశాను. తెలిసే అన్నాడంటే, నేనెంత కుళ్ళుకున్నానో తెలుసుకునే పోయాడు. ఈ రెంటిలో ఏది తక్కువ పాపమో పది నెలలుగా తేల్చుకోలేకపోతున్నాను. సూది పట్టిన ప్రతిసారీ ఆ మాట వినపడుతుంది. పొగడ్తలా వినపడదు.

నీ ఉత్తరం రాగానే కోటు తీసి కుట్టాను. నీ కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నీ కోసం కాదు బుల్లీ. ఆయన చెప్పిన పని అది. కుట్టాక కళ్ళు మూసుకుని ఎడమ చేతి మీద వేలు రాశాను, ఏమీ తగల్లేదు. బాగానే కుట్టాను. చూడటానికి ఆయన లేడు.

నీ చిల్లు పూడ్చేశానన్నావు. అవును. అది నీదని నాకు తోచలేదు, నాదనే అనుకున్నాను.

నీకు పరీక్షలున్నాయని తెలిసి కూడా నీ మీద అంత కోపం పెంచుకున్నాను. నీ తప్పేమీ లేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

అక్క

* * *

నవంబరు 19

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో చదివాను. తర్వాతి పీరియడు తొమ్మిదో తరగతికి. బోర్డు మీద ఒక లెక్క మొదలుపెట్టి అలాగే నిలబడిపోయాను. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని, "మేం చేసుకుంటాం, మీరు కూర్చోండి టీచర్" అంది.

ఆయనకి తెలుసా, తెలియదా అన్నావు. నాకు తెలియదక్కా. తెలుసు, తెలిసే నిన్ను మన్నించాడు అని రాయాలని చెయ్యి పీకింది. రాస్తే అది నీకు కవిత్వం చెప్పినట్టవుతుంది. నిజంగా నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అనిపిస్తోంది. నువ్వు బాగా కుడతావని ఆయనకి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ మాట చెప్పకుండా పోవడం ఇష్టం లేకపోయి ఉండాలి. చెయ్యి కుడిదైతేనేం, ఎడమదైతేనేం.

నువ్వు క్షమించమనకు. నేను చెప్పేది విను.

పరీక్షలు లేవు.

డిసెంబరులోనే అయిపోయాయి. పేపర్లు దిద్దడం కూడా అయిపోయింది. నాన్నకి బాగాలేదని నువ్వు చెప్పిన రోజే స్టేషన్‌కి వెళ్ళాను. ఆదివారం బండికి చోటు దొరికింది, టికెట్ కొన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మంచం మీద ఆ కోటు కప్పుకుని పడుకుని ఉంటాడు, నేను వెళ్ళి పక్కన కూర్చోవాలి, ఆ చిల్లు ముందు కూర్చోవాలి అనుకునేసరికి లేచి తిరిగి లోపలికి వెళ్ళి శుక్రవారానికి మార్పించుకున్నాను. ఆ తర్వాత నీకు ఫోన్ చేసి పరీక్షలన్నాను. ఆదివారం బండి ఎక్కి ఉంటే సోమవారం మధ్యాహ్నానికి అక్కడ ఉండేదాన్ని. ఆయన "అయిందా?" అని నిన్ను అడుగుతున్నప్పటికి నేను గదిలో ఉండేదాన్ని. అడగాల్సింది అడిగి ఉండేదాన్ని.

చూస్తే నేను బాధపడతానని ఆయన కుట్టమన్నాడు. చూస్తే బాధని నేను రాలేదు. చూసి బాధపడాలని నువ్వు కుట్టలేదు. ముగ్గురం ఒకే చిల్లు చుట్టూ తిరిగాం. ఆయన ఒక్కడే దాన్ని పూడ్చాలనుకున్నాడు.

ఇంత రాశాక నీకు నా మీద ఎంత కోపం వచ్చినా సరే. నాలుగు రోజులు ఆయన నా కోసం ఎదురుచూశాడని ఇప్పుడు తెలిసింది. అది నేను ఎలాగూ మోయాలి. నువ్వు మోస్తున్న దాంట్లో సగం నాది. నేను వచ్చి ఉంటే నీకు ఆ అబద్ధం అవసరమే వచ్చేది కాదు.

కవిత పూర్తయింది. 'ఎందుకు నాన్నా' కొట్టేశాను. దాని బదులు రెండు పంక్తులు రాశాను:

నా కోసం కుట్టమన్నావట.
నేను రాలేదు.

ఇది కవిత్వంలా లేదు, మామూలు మాటలా ఉంది, ఇంకోసారి ఆలోచించమన్నారు పత్రికవాళ్ళు. ఆలోచించేదేమీ లేదన్నాను. వేస్తే వేస్తారు, లేకపోతే లేదు.

అక్కా, నీ కళ్ళు మసకబారాయని రాశావు. ఎవరికైనా చూపించావా? చూపించి ఉండవు. నీకు సూదిలో దారం ఎవరెక్కిస్తున్నారు? ఈ ప్రశ్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఆదివారం బండికి వస్తున్నాను, సోమవారం మధ్యాహ్నానికి అక్కడ ఉంటాను. రెండు రోజులకి కాదు, నెల రోజులు సెలవు అడిగాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు. ఈసారి పరీక్షలు నిజంగానే ఉన్నాయి.

అయినా వస్తున్నాను.

నీ చెల్లి